డబ్బు కట్టి ఎంచుకున్న సీటు విమానం మారితే ఎందుకు పోతుంది?

సీటు నంబరు మీ టికెట్టుకు కాదు, ఆ విమానం సీట్ మ్యాప్‌కు ముడిపడి ఉంటుంది. ఇండిగో ఏ320లో వరుసకు 3-3 చొప్పున 186 దాకా సీట్లుంటాయి; ఏటీఆర్ 72లో 2-2 చొప్పున 78 మాత్రమే. పెద్దది చిన్నదైతే 25ఎఫ్ అనే సీటే ఉండదు కాబట్టి సిస్టమ్ దొరికిన చోట కూర్చోబెడుతుంది. ఒకే పీఎన్‌ఆర్‌లో లేని కుటుంబాలు ఎక్కువగా విడిపోయేది ఇక్కడే.

ఈ మార్పుకు ఒక్కోసారి మెసేజ్ కూడా రాదు. అందుకే ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు, చెక్-ఇన్ తెరవగానే మరోసారి ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లోని 'మేనేజ్ బుకింగ్'లో విమానం రకం, సీటు చూసుకోండి. మారి ఉంటే ఖాళీలున్నప్పుడే కస్టమర్ కేర్‌తో మార్పించుకోవాలి. ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్‌కు కట్టి మామూలు సీటు వస్తే, రసీదు, బోర్డింగ్ పాస్ జతచేసి సీటు రుసుము వాపసు రాతపూర్వకంగా అడగండి. గేటు దగ్గర వాదిస్తే సీటు రాదు, విమానం నిండిపోయి ఉంటుంది.