నీళ్లు తెచ్చే రోబో బయలుదేరకముందే ఆగిపోతుంటే

లోపం మీ అవ్వ చేతిలో లేదు, తెర మీది బటన్ నొక్కిన మరుక్షణం రోబో బదులివ్వకపోవడంలో ఉంది. మీరు నొక్కితే సరిగానే వస్తున్న రోబో, అనంతపురంలోని ఇంట్లో అవ్వ నొక్కితే మాత్రం కదలకుండానే ఆగిపోతోందనీ, దారి లెక్కించుకోవడానికి దానికి మూడు సెకన్లు పడుతుందనీ రాశారు. ఆ మూడు సెకన్లు తెర మీద ఏ మార్పూ లేనందున ఆమె మళ్లీ నొక్కుతోంది. మీ ప్రోగ్రాములో రెండో నొక్కుకు ‘ఆపు’ అని అర్థం. దయచేసి ఆమెను తప్పుపట్టవద్దు.

1. నొక్కిన 0.1 సెకనులోపు, తెర మీద రంగు మారడం లాంటి బదులు రావాలి; చక్రాలు ఆలస్యంగా కదిలినా ఫరవాలేదు.

2. ఒకసారి నొక్కాక, ఒక సెకను పాటు అదే బటన్ మీది నొక్కులను లెక్కలోకి తీసుకోవద్దు. వణికే వేలు ఒక నొక్కును రెండు చేస్తుంది.

3. ‘ఆపు’ను తెర మీద నుంచి తీసి, మోటార్లకు కరెంటు నేరుగా తెంచే ఎర్ర బటన్‌గా చేతికందేచోట అమర్చండి.

4. ఎక్కువమంది వదిలేసేది ఇదే: అవ్వ మంచం పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, వేలు పెట్టకుండా, ఆమె పదిసార్లు వాడేదాకా చూడండి. నొక్కాక ఆమె కళ్లు ఎటు పోతున్నాయో ప్రతిసారీ రాసుకోండి. అవి తెరను వదిలి రోబో వైపే తిరుగుతుంటే, తెర మీద రంగు ఎంత మార్చినా ఆమెకు కనబడదు. అప్పుడు రోబో మీదే దీపం వెలగాలి, ‘తెస్తున్నానవ్వా’ అన్న మాట అక్కడి నుంచే వినబడాలి. వాడేవారికి అనువుగా పరికరాలను రూపొందించడం గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9241-210 కూడా వాడేవారితో పరీక్షించి, సరిదిద్ది, మళ్లీ పరీక్షించమనే చెబుతుంది.