డ్రైసూట్‌లో కాళ్లు పైకి తేలిపోతుంటే

ప్యూజెట్ సౌండ్‌లో (అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న సముద్రపు పాయ) డైవ్ చేస్తుంటే డ్రైసూట్‌లోని (నీళ్లు లోపలికి రాని, గాలి నింపుకునే డైవింగ్ సూట్) గాలంతా కాళ్లలోకి చేరి తలకిందులవుతున్నానన్నారు కదా, మొదట్లో నాకూ అంతే. అలా అయితే వెంటనే మోకాళ్లు పొట్టకు ముడుచుకుని, ఒక పల్టీ కొట్టి తల పైకి తెచ్చుకోండి. తర్వాత ఎడమ మోచెయ్యి పైకెత్తితే భుజం దగ్గరి వాల్వ్ నుంచి గాలి పోతుంది. వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంచండి.

అసలు తప్పు బరువు దగ్గరే ఉందనిపిస్తోంది. చలికి భయపడి (నీళ్లు దాదాపు 10 డిగ్రీలే మరి!) లోపల మందపాటి బట్టలు వేసుకుని, అవి తేలకుండా మునగడానికని సీసం బరువులు అవసరానికి మించి కట్టుకుంటే, వాటిని మోయడానికి సూట్‌లో గాలీ ఎక్కువే నింపాలి. డైవ్ చివర, సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్ ఉన్నప్పుడు, సూట్‌లో గాలి తగ్గించి 5 మీటర్ల లోతులో నిలకడగా ఉండగలిగితే బరువు సరిపోయినట్టే. ఈ పల్టీ మాత్రం ముందు పూల్‌లో, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా నేర్చుకోండి.