అందరికీ జీతం 10 శాతం పెంచినా పాత ఉద్యోగుల అసంతృప్తి తగ్గలేదన్న ప్రశ్నకు సమాధానం

లోపం పెంచిన శాతంలో లేదు, మూల వేతనంలోనే ఉన్నట్టుంది. మీరు చెప్పినట్టు ఒకే పని చేస్తున్న పాతవారికి 42,000, కొత్తగా చేరినవారికి 48,000 ఉంటే, 10 శాతం పెంపు తరువాత అవి 46,200, 52,800 అవుతాయి. అంటే 6,000గా ఉన్న తేడా 6,600కు పెరిగింది. మనిషి తన శ్రమను, జీతాన్ని పక్కవారి శ్రమతో, ప్రతిఫలంతో పోల్చుకుంటాడని 1960లలోనే మనస్తత్వవేత్త జాన్ స్టేసీ ఆడమ్స్ వివరించారు. ఈ తేడాను సరిచేయడానికి ఈ వరుసలో చేయండి:

1. పేర్లు పక్కనపెట్టి, బాధ్యత, నైపుణ్యం ఆధారంగా ప్రతి ఉద్యోగానికీ కనిష్ఠ, మధ్యస్థ, గరిష్ఠ వేతనాలు నిర్ణయించండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: పెంపు ప్రకటించే ముందు ప్రతి ఒక్కరి జీతాన్నీ ఆ మధ్యస్థ వేతనంతో భాగించండి. మధ్యస్థం 50,000 అయితే పాతవారి నిష్పత్తి 0.84, కొత్తవారిది 0.96. పనితీరు బాగుండి నిష్పత్తి తక్కువగా ఉన్నవారి మూల వేతనాన్ని ముందు సరిచేయాలి. ఈ దిద్దుబాటుకు నిధిని విడిగా కేటాయించండి. పనితీరు పెంపులో కలిపేస్తే, బాగా పనిచేసినందుకు దక్కవలసింది పాత బాకీ తీర్చడానికే సరిపోతుంది.

3. ఆ తరువాతే పనితీరును బట్టి శాతం ప్రకటించండి.

4. ఎవరికి ఎంత, ఏ లెక్కన వచ్చిందో వారికి ముఖాముఖిగా, అంకెలతో సహా చెప్పండి.