పాట చెవిలో... లారీ వెనకాల

సైకిల్ తొక్కుతూ పాటలు వినొచ్చా, వింటే ఎలా వినాలి అని అడిగినవాళ్లు ఈసారి ఎక్కువమంది. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్ర: రోజూ సైకిల్ మీద గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తాను. రోడ్డు మీద రొద భరించలేక నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న ఇయర్‌బడ్స్ పెట్టుకుంటున్నాను. హ్యాండిల్‌కి అద్దం ఉంది. వెనకొచ్చే బండి అద్దంలో కనిపిస్తుంది కదా, ఇంక చెవులతో పనేంటి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జ: అద్దం మీరు చూసినప్పుడే పనిచేస్తుంది. ఎప్పుడు చూడాలో చెప్పేది చెవి. ముందు గుంత కనబడింది, కుడివైపు రెండడుగులు జరగాలి. ఆ క్షణంలో మీ చూపు గుంత మీద ఉంటుంది తప్ప అద్దం మీద ఉండదు. వెనక టైర్ల హోరు వినబడితే హ్యాండిల్ తిప్పబోయిన చెయ్యి దానంతటదే ఆగుతుంది. వినబడకపోతే ఆగదు.

లెక్కేసి చూడండి. మీరు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు 5 మీటర్లు. వెనక కారు గంటకు 54 అయితే సెకనుకు 15 మీటర్లు. అంటే మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 10 మీటర్ల చొప్పున తరుగుతోంది. కారు 60 మీటర్ల దూరంలో ఉండగానే వినబడితే మీ చేతిలో 6 సెకన్లున్నాయి. పాట కప్పేసి 20 మీటర్లకు వచ్చాక గానీ వినబడకపోతే 2 సెకన్లే. అందులో ఒకటి తల తిప్పి చూడ్డానికే పోతుంది.

ఇక నాయిస్ క్యాన్సిలేషన్. మామూలు పాటకంటే ఇది ఎక్కువ ప్రమాదం. అది బాగా అణిచేది ఎడతెగని లోగొంతు శబ్దాలనే: ఇంజిన్ గుర్రుమనడం, టైర్ల హోరు. లారీ వస్తోందని మీకు చెప్పేవి సరిగ్గా అవే. హారన్, మనుషుల కేకలు కొంతవరకు చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి ‘నాకన్నీ వినిపిస్తున్నాయి’ అనే భ్రమ కలుగుతుంది. హారన్ కొట్టని వాడి సంగతేంటి? ఎలక్ట్రిక్ స్కూటర్లకైతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజిన్ చప్పుడే ఉండదు. సన్నటి టైరు శబ్దం ఒక్కటే ఆధారం. పైగా డెలివరీ స్కూటర్లు ఎడమ సందులోంచి కూడా దూరుతుంటాయి.

బయటి శబ్దాన్ని మైకుతో లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ దీనికంటే నయమే. కానీ గాలి ఆ మైకు మీద కొట్టి బుస్సుమంటుంది. వేగం పెరిగేకొద్దీ బుస ఎక్కువై అసలు శబ్దం అందులో కలిసిపోతుంది.

కాబట్టి మీ దారిలో చెవుల్లో ఏమీ వద్దు. అద్దం మాత్రం తీయకండి. కుడివైపు బిగించి, మీ మోచేతి అంచు కాస్త కనబడేలా, మిగతాదంతా రోడ్డు కనబడేలా సర్దుకోండి. సీటు వెనక బిగించే రాడార్ లైట్లు కూడా దొరుకుతున్నాయి. వాటిలో గార్మిన్ కంపెనీ ‘వారియా’ 140 మీటర్ల దూరం నుంచే వెనకొచ్చే బండిని పసిగట్టి కూస్తుంది. హైవే మీద మంచి సాయం. నగరంలో మాత్రం ఆగకుండా కూస్తూనే ఉంటుంది, రెండో రోజుకి మీరే ఆపేస్తారు.

ప్ర: ఒక్క చెవిలో పెట్టుకుంటే ఫర్వాలేదంటారు. ఏ చెవిలో?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జ: ఎడమ చెవిలో. మన దగ్గర బండ్లు ఎడమవైపు నడుస్తాయి, మిమ్మల్ని దాటేవి కుడివైపు నుంచి దాటుతాయి. కుడి చెవి ఖాళీగా ఉండాలి. అమెరికా వెళ్తే తిరగేసుకోండి.

ఒక చెవి మూసుకుంటే శబ్దం వినబడుతుంది గానీ ఎటునుంచో తెలియడం కష్టమవుతుంది. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరి, ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కూడా కానంత ఆలస్యంగా చేరుతుంది. మెదడు దిక్కు పోల్చుకునేది ఆ తేడాతోనూ, రెండు చెవుల్లో శబ్దం హెచ్చుతగ్గులతోనూ. అందుకే ఎడమ చెవికి కూడా రబ్బరు బుడిపెతో లోపలికి దిగి బిగిసేవి వద్దు. చెవి గుంటలో వదులుగా కూర్చునే పాత రకం నయం. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సైకిల్ తొక్కేవాళ్ల మీద చేసిన పరీక్షల్లోనూ లోపలికి దిగేవాటితోనే వినికిడి బాగా దెబ్బతింది. మామూలు ఇయర్‌ఫోన్ ఒక్కటే పెట్టుకున్నప్పుడు అంత తేడా రాలేదు.

ఒకే చెవిలో వింటే స్టీరియో పాటలో సగం వాయిద్యాలు మాయమవుతాయి. వినబడట్లేదని సౌండ్ పెంచేస్తారు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి, రెండు వైపులదీ కలిసి ఒక్క చెవిలోకే వస్తుంది.

సౌండ్ ఎంత ఉండాలో ఇంట్లో కాదు, రోడ్డు పక్కన నిలబడి తేల్చుకోండి. స్నేహితుణ్ణి రెండు మీటర్ల వెనక నిలబెట్టి మామూలు గొంతుతో మాట్లాడమనండి. మాట అర్థం కావాలి. కాకపోతే తగ్గించండి. తొక్కడం మొదలెట్టాక చెవుల దగ్గర గాలి హోరుకి పాట సన్నబడుతుంది. అప్పుడు పెంచొద్దు, పోనివ్వండి. వైరుండే రకమైతే చొక్కా లోపలినుంచి తీసుకోండి. బయట వేలాడే వైరు బ్రేకు లివరుకి తగులుకుంటుంది.

ప్ర: మా వాడు పదో తరగతి. ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తూ రెండు చెవుల్లో పాటలే. పోలీసులు పట్టుకుంటారు అంటే, సైకిల్‌కి చలానా లేదమ్మా అంటున్నాడు. నిజమేనా?
– గృహిణి, గుంటూరు

జ: చలానా మాట వరకు మీవాడు చెప్పిందే నిజమండి. డ్రైవింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ అని మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో 2019లో చేర్చారు. ఆ చట్టం మోటారు వాహనాలది, తొక్కే సైకిల్ దాని కిందికి రాదు. 250 వాట్ల లోపు మోటారుండి గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ సైకిల్‌కీ మినహాయింపు ఉంది. చట్టం పట్టుకోదు గానీ లారీ అలా వదిలిపెట్టదు. ట్యూషన్ నుంచి వచ్చేది చీకట్లో కదా. వెనక ఎర్ర లైటు, చెవులు రెండూ ఖాళీ, ఈ రెండింటి దగ్గర బేరాలొద్దు. ఫోన్ మోగితే పక్కకి ఆపి మాట్లాడాలి. పాటకంటే ఫోన్‌లో సంభాషణ మనసుని ఎక్కువ లాగేస్తుంది, మెసేజి టైపు చేయడం మరీ ఘోరం.

ప్ర: మా అమ్మాయి దగ్గర కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఆర్నెల్లు ఉంటాం. అక్కడ సైకిల్ తొక్కుతూ పాటలు వినొచ్చా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జ: ఒక చెవిలో వినొచ్చు. కాలిఫోర్నియా వాహన చట్టం 27400వ సెక్షన్ ప్రకారం రెండు చెవుల్లోనూ పెట్టుకుని సైకిల్ తొక్కడం తప్పు. న్యూయార్క్ రాష్ట్రంలోనూ ఒకటికి మించకూడదు. ఇలాంటివి రాష్ట్రానికో తీరు కాబట్టి వేరే రాష్ట్రానికి వెళ్తే మళ్లీ కనుక్కోండి. ఫ్రాన్స్ అయితే 2015 జులై నుంచి చెవిలో పెట్టుకునేవి ఒక్కటీ వద్దంది. కార్లవాళ్లకీ, సైకిళ్లవాళ్లకీ అదే నిబంధన.

ప్ర: బోన్ కండక్షన్ హెడ్‌సెట్ కొందామనుకుంటున్నాను. చెవి మూయదు కాబట్టి పూర్తిగా సురక్షితమేనా? హెల్మెట్, కళ్లజోడుతో ఇబ్బంది ఉంటుందా?
– అధ్యాపకురాలు, విశాఖపట్నం

జ: ఉన్నవాటిలో మంచివే, పూర్తిగా సురక్షితం మాత్రం కాదు. చెవి ముందుండే ఎముక మీద ఆని దాన్ని కంపింపజేస్తాయి. ఆ కంపనం కర్ణభేరితో పని లేకుండా లోపలి చెవికి చేరుతుంది. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది కాబట్టి రోడ్డు కూడా వినబడుతుంది. కానీ పాటా, లారీ చప్పుడూ చివరికి చేరేది అదే లోపలి చెవికి. పాట హోరెత్తితే చిన్న చప్పుళ్లు అందులో మునిగిపోతాయి. ‘ఎముక ద్వారా కాబట్టి వినికిడి పాడవదు’ అన్నదీ తప్పే. ఎక్కువ సౌండ్ ఏ దారిన వెళ్లినా దెబ్బ ఒకటే.

మృదంగం, బేస్ గిటార్ పలచగా వినిపిస్తాయి. పెంచితే బుగ్గ మీద చక్కిలిగింతలు పెట్టినట్టు అదురుతుంది. ఆ అదురు మొదలైందంటే సౌండ్ ఎక్కువైందని గుర్తు.

పెట్టుకునే వరస ముఖ్యం. ముందు హెడ్‌సెట్, తర్వాత హెల్మెట్, ఆఖర్న కళ్లజోడు. కళ్లజోడు కాడలు హెల్మెట్ పట్టీలకి బయటివైపు ఉండాలి. చెవి కింద రెండు పట్టీలు కలిసేచోట ఉండే బిళ్లని చెవి తమ్మె కిందికి జరపండి. అది పైకుంటే పట్టీ వెళ్లి హెడ్‌సెట్ బిళ్ల మీద నొక్కి పక్కకి జరిపేస్తుంది, పాట ఒకవైపే వినబడుతుంది. మెడ వెనక కమ్మీ హెల్మెట్ బిగించే చక్రానికి తగులుతోందేమో దుకాణంలోనే తల అటూ ఇటూ తిప్పి చూసుకోండి.

సముద్రపు గాలి, చెమట ఉన్న ఊరు కాబట్టి ఐపీ రేటింగ్ చూడండి. ఐపీఎక్స్4 అంటే తుంపరలకు ఆగుతుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫర్వాలేదు. ఏదైనా సరే, చెమటతో ఉండగా చార్జింగ్ పెట్టకండి. ఉప్పు పేరుకుని చార్జింగ్ పిన్నులు పచ్చబడి పాడైపోతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి.

ప్ర: నాకు 66 ఏళ్లు. పొద్దున్నే కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతూ జేబులో ఫోన్ స్పీకర్ పెట్టి ప్రవచనాలు వింటాను. హెడ్‌ఫోన్ కొనుక్కోమని మనవడి పోరు.
– రిటైర్డ్ టీచర్, తెనాలి

జ: కొనకండి మాస్టారూ. మీ పద్ధతే మంచిది. వయసుతో ముందు తగ్గేది సన్నటి శబ్దాల వినికిడి, సైకిల్ బెల్లు లాంటివి. ఆ చెవులు కప్పేయడం ఎందుకు? జేబుకి గుండీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఒంగినప్పుడు ప్రవచనం కాలవలోకి వెళ్తుంది.

ప్ర: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద బండ్లు రావు కదా. అక్కడ హ్యాండిల్‌కి బ్లూటూత్ స్పీకర్ కట్టుకుంటే తప్పేంటి?
– పాఠకుడు, కొండాపూర్

జ: 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లే. ఎదురొచ్చేవాళ్లు, పిల్లలు, వెనకనుంచి గంటకు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చే రోడ్ బైకులు అన్నీ అందులోనే. వెనకవాడు ‘రైట్’ అని అరిచింది మీ స్పీకర్‌లో కలిసిపోతే హ్యాండిల్‌కి హ్యాండిల్ తగులుతుంది. అలాంటి ట్రాక్ మీద ఎడమ చెవిలో తక్కువ సౌండ్‌తో వినడం మాకు అభ్యంతరం లేదు. స్పీకర్ మాత్రం మీ అభిరుచిని అందరి మీదా రుద్దడమే. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఉదయం 6 దాకా రాత్రి కిందే లెక్క. నివాస ప్రాంతాల్లో ఆ వేళ హద్దు 45 డెసిబెళ్లు. తెల్లవారుజామున 5కి బయల్దేరి కాలనీలోంచి పాటలతో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ప్ర: హెడ్‌సెట్ పాడైన రోజు తెలిసింది, నా సైకిల్ కిర్రుకిర్రుమంటోందని. ఎన్నాళ్లనుంచో తెలీదు. ఏమై ఉంటుంది?
– పాఠకురాలు, వరంగల్

జ: పాటలతో వచ్చే నష్టాల్లో ఎవరూ మాట్లాడనిది ఇదే. సైకిల్ తన జబ్బు చప్పుడుతోనే చెబుతుంది.

ముందు ఒక పరీక్ష. వేగం అందుకున్నాక తొక్కడం ఆపి అలా పోనివ్వండి. చప్పుడు ఆగిపోతే జబ్బు పెడళ్లు, క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకి కలిపే కమ్మీ), చైన్‌లో ఉంది. ఆగకపోతే చక్రంలో ఉంది. వెనక చక్రంలో టిక్‌టిక్‌మనేది ఫ్రీవీల్, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం, అది మామూలే.

పెడల్ చుట్టుకి ఒకసారి ‘టక్’ అంటే పెడల్ లేదా క్రాంక్ వదులైంది. పెడల్ విప్పి మరకి గ్రీజు పూసి బిగించండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, అది బిగిసేది గడియారం ముళ్లు తిరిగే దిశకి వ్యతిరేకంగా. ఇది తెలియక బలవంతంగా తిప్పి మర పాడుచేసుకునేవాళ్లు చాలామంది. క్రాంక్ ఊగుతుంటే ఆ రోజే ఆపేయండి. నలుచదరపు ఇరుసున్న సైకిళ్లలో వదులు క్రాంక్‌తో తొక్కితే దాని రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది. తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంకే మార్చాలి.

రెండున్నర చుట్లకి ఒకసారి ఎగిరిపడినట్టు ఉంటే చైన్‌లో ఒక లింకు బిగుసుకుంది. పిచ్చుకల్లా కిచకిచమంటే చైన్ ఎండిపోయింది. లింకుకి ఒక్క చుక్క చైన్ ఆయిల్ వేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ పట్టించి, పది నిమిషాలాగి పైనున్నదంతా గుడ్డతో తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగటగా పేరుకుంటుంది. కూర్చుని తొక్కినప్పుడే కిర్రుమని, నిలబడి తొక్కితే ఆగితే సీటు, సీటు గొట్టం. గొట్టం బయటికి తీసి తుడిచి సన్నగా గ్రీజు రాసి పెట్టండి. కార్బన్ గొట్టమైతే గ్రీజు పూయకూడదు.

చక్రం తిరిగినప్పుడల్లా ‘ష్... ష్’ అంటే రిమ్ము వంకరై బ్రేకుకి రాసుకుంటోంది. ‘టింగ్’ అన్న శబ్దం తర్వాత ఇది మొదలైతే స్పోకు తెగింది. ఒకటి తెగితే పక్కవాటి మీద బరువు పెరిగి అవీ వరసగా తెగుతాయి. వారంలోగా మెకానిక్‌కి చూపించండి.

ప్ర: సైక్లింగ్‌లో ఇయర్‌బడ్స్ వాడాక చెవి దురద. కొబ్బరినూనె కాచి పోయమంటున్నారు.
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: పోయకండి. చెమటతో తడిసిన చెవిని గంటలకొద్దీ మూసేస్తే ఫంగస్ పడుతుంది. మన కోస్తా ఉక్కపోతలో ఇది మామూలే. నూనె పోస్తే తేమ లోపలే ఉండిపోతుంది, పుల్ల పెడితే గాయమవుతుంది. బడ్స్ పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. తగ్గాక రబ్బరు బుడిపెలు మార్చేయండి, పాతవి వాడితే మళ్లీ మొదలు. ఇంట్లో ఒకరివి ఒకరు పెట్టుకోవద్దు.

ప్ర: ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా బిగించే స్టాండు) మీద తొక్కేటప్పుడు?
– పాఠకుడు, బెంగళూరు

జ: రెండు చెవుల్లోనూ వినండి, సౌండ్ మాత్రం ఒళ్లెరిగి పెంచండి. నిమిషానికి 85 నుంచి 90 చుట్లు తొక్కాలంటే అదే లయ ఉన్న పాట గానీ, రెట్టింపు లయ, అంటే 170 నుంచి 180 దరువులున్న పాట గానీ వెతుక్కోండి. కాళ్లు వాటంతటవే లయ పట్టుకుంటాయి. ఈత, సైకిల్, పరుగు మూడూ ఉండే ఐరన్‌మ్యాన్ లాంటి పోటీలకు తయారవుతుంటే మాత్రం వారానికి ఒకటి రెండు రోజులు పాట లేకుండా తొక్కండి. పోటీలో హెడ్‌ఫోన్స్ పెట్టుకోనివ్వరు.