చెన్నైకి కొత్తగా వచ్చాం, పిల్లవాడికి లెక్కల పరీక్ష: ఏం చేయాలి?

జూన్ నెల దాటితే చాలు, నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి బదిలీ మీదో ఉద్యోగం మారో చెన్నైకి వచ్చిన తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. మన ఊళ్లో లెక్కల్లో తొంభైకి తగ్గని పిల్లవాడికి ఇక్కడి మొదటి పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు, మంచి ట్యూషన్ ఎక్కడ ఉందో చెప్పండి అంటారు. పద్దెనిమిదేళ్లుగా పెరంబూరులో ఉంటున్నాను, నా పిల్లలిద్దరూ ఇక్కడి బడుల్లోనే చదువుకున్నారు కాబట్టి ఆ బెంగ ఎలాంటిదో నాకు తెలుసు. అయినా ట్యూషన్ పేరు చెప్పే ముందు నేను ఒక మాట అడుగుతాను: మీవాడు ఇంట్లో లెక్కలు చదువుతున్నాడా, చేస్తున్నాడా?

అంతకంటే ముందు, ఏ బోర్డు ప్రశ్నపత్రానికి సిద్ధమవుతున్నాడో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. సీబీఎస్‌ఈ పదో తరగతి లెక్కల పేపరు 80 మార్కులకు ఉంటుంది, మిగిలిన 20 బడిలో వేసే అంతర్గత మార్కులు. మూడు గంటల్లో 38 ప్రశ్నలు రాయాలి, వాటిలో 20 ఒక మార్కువి. తమిళనాడు రాష్ట్ర బోర్డు పేపరు 100 మార్కులకు ఉంటుంది, అందులో ఎనిమిదేసి మార్కుల ప్రశ్నలు రెండు వస్తాయి: ఒకటి జ్యామితి నిర్మాణం, రెండోది గ్రాఫు. మన పిల్లలు తడబడేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి, ఆ పుస్తకంలో నిర్మాణాల అధ్యాయాన్ని అంతకుముందే తొలగించారు. కాబట్టి అక్కడి నుంచి వచ్చి ఇక్కడి రాష్ట్ర బోర్డులో చేరిన పిల్లవాడు వృత్తలేఖిని పట్టి చాలా కాలమై ఉండవచ్చు. ఆ పదహారు మార్కులు సాధనతో తప్పకుండా వచ్చేవి కనుక, వారానికి రెండు సాయంత్రాలు పెన్సిలు చెక్కి, స్కేలు పెట్టి గీయించండి.

ఇక అసలు విషయం. కిందటేడాది మా పై అంతస్తులోకి నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబంలో పదో తరగతి అబ్బాయి ఉన్నాడు. 40 మార్కుల పరీక్షలో 17 వచ్చాయని వాళ్లమ్మ ఆ పేపరు తీసుకుని మా ఇంటికి వచ్చింది. అబ్బాయి రోజూ రాత్రి పదకొండు దాకా పుస్తకం ముందే కూర్చుంటాడట. ఆదివారం పొద్దున అతన్ని మా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, పుస్తకం మూయించి, అదే ప్రశ్నపత్రాన్ని తెల్లకాగితం మీద మళ్లీ చేయమన్నాను. "ఇవన్నీ నాకు వచ్చు ఆంటీ, పొరపాటున పోయాయి" అన్నాడు. ఒక రైలు 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది, వేగం గంటకు మరో 5 కిలోమీటర్లు ఎక్కువైతే ఒక గంట తక్కువ పట్టేది, వేగం ఎంత అన్న లెక్క దగ్గర కలం ఆగిపోయింది. పెరిగిన వేగానికి పట్టే కాలం నుంచి అసలు కాలాన్ని తీసివేసి ఒకటికి సమానం చేశాడు. అలా చేస్తే ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఐదు ఎక్స్ ప్లస్ 1800 సున్నాకు సమానం అని వస్తుంది, దానికి వాస్తవ మూలాలు లేవు. కారణాంకాలు దొరకక ఐదు నిమిషాలు వెతికి, రబ్బరుతో మొత్తం చెరిపేశాడు.

వాళ్లమ్మ దృష్టిలో అది వర్గ సమీకరణాలు రాకపోవడం. నిజానికి అతనికి వర్గ సమీకరణాలు బాగానే వచ్చు. తప్పు జరిగింది మొదటి పంక్తిలో: వేగం పెరిగితే కాలం తగ్గుతుంది కనుక పెద్ద కాలంలోంచి చిన్న కాలాన్ని తీసివేయాలి. ఆ ఒక్క మాట అనగానే 1800 ముందు గుర్తు మైనస్ అయింది, జవాబు 40 వచ్చింది. 40 వేగంతో 9 గంటలు, 45 వేగంతో 8 గంటలు, తేడా ఒక గంట అని తానే సరిచూసుకున్నాడు. ఇంకో యాభై వర్గ సమీకరణాలు చేయించి ఉంటే అతని రాత్రులు వృథా అయ్యేవే తప్ప ఈ తప్పు దిద్దుబాటు అయ్యేది కాదు.

అందుకే చేసిన తప్పును చెరపనివ్వకండి. రామానుజన్ మద్రాసులో ఉన్న రోజుల్లో కాగితం కొనలేక పలక మీద లెక్కలు చేసి మోచేతితో తుడిచేసేవాడని మనమందరం విన్నాం. ఆయన పేరిట రాయపురంలో ఉన్న మ్యూజియానికి పిల్లలను ఒకసారి తీసుకువెళ్లండి, కానీ ఆ తుడిచే అలవాటు మాత్రం మన పిల్లలకు వద్దు. విడిగా ఒక నోట్‌బుక్ పెట్టి, పోయిన ప్రతి లెక్కనూ తప్పు పంక్తితో సహా రాయించి, ఎందుకు పోయిందో పక్కనే ఒక వాక్యంలో రాయమనండి: ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదా, సూత్రం గుర్తుకు రాలేదా, గుణకారంలో జారిందా? మూడు వారాలు గడిచేసరికి ఏ రకం తప్పు ఎక్కువో ఆ నోట్‌బుక్కే చెబుతుంది. పరీక్షకు ముందు వారం పాఠ్యపుస్తకం కంటే దీన్నే ఎక్కువగా ముందు వేసుకోవాలి.

రెండో సూచన, అధ్యాయాలను కలిపి చేయించండి. త్రికోణమితి లెక్కలు ఇరవై వరసగా చేస్తుంటే ఏ పద్ధతి వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది, పరీక్షలో ఆ పేరు ఉండదు. అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, రకరకాల లెక్కలు కలిపి సాధన చేసిన విద్యార్థులు వారం తరువాత జరిగిన పరీక్షలో సగటున 63 శాతం సరిగ్గా చేయగా, ఒక్కో రకాన్ని వరసగా చేసినవారు 20 శాతమే చేయగలిగారు. సాధన చేస్తున్నప్పుడు మాత్రం వరసగా చేసినవారే మెరుగ్గా కనిపించారు. రాత్రి అన్నీ వచ్చినట్టే ఉండి పొద్దున పరీక్షలో ఏదీ తోచకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణమని నా నమ్మకం.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన తల్లిదండ్రులు ఇక్కడికి రాగానే తెలుగులో లెక్క చెప్పడానికి జంకుతారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడికి క.సా.గు. అంటే వెంటనే తెలుస్తుంది, ఎల్‌సీఎం అంటే ఒక క్షణం పడుతుంది, అందువల్ల రెండు భాషల పదాలనూ ఎదురెదురుగా రాసిన పట్టిక ఒకటి గోడకు అంటించండి. మాటల లెక్కలను మాత్రం ముందు తెలుగులో చెప్పించండి. 'ఫైవ్ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్' అని చదివిన పిల్లలు చాలామంది ఐదుతో మొదలుపెట్టి తలకిందులుగా రాస్తారు. అదే 'ఒక సంఖ్యకు రెట్టింపు కంటే 5 తక్కువ' అని చెప్పుకుంటే రెండు ఎక్స్ మైనస్ ఐదు అన్న వరస మాటలోనే దొరుకుతుంది. జవాబు రాసేది ఇంగ్లిషులోనే అయినా ఆలోచన తెలుగులో సాగితే నష్టమేమీ లేదు.

ఇల్లు ఇరుకై కూర్చునే చోటు లేకపోతే కోట్టూరుపురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం ఉంది. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి, శని లేదా ఆదివారం ఒక పూర్తి పేపరును గడియారం పెట్టుకుని, అసలు పరీక్ష జరిగే వేళలోనే రాయించండి. బోర్డు పరీక్షలో పేపరు చదువుకోవడానికి ముందుగా కొంత సమయం ఇస్తారు, ఆ నిమిషాల్లో తనకు బాగా వచ్చినవాటిని మనసులో గుర్తుపెట్టుకోవడం ఇంట్లోనే అలవాటు కావాలి. ప్రతి మెట్టూ రాయమని చెప్పండి, జవాబు తప్పినా సరైన మెట్లకు మార్కులు వేస్తారు. ముందు రోజు రాత్రి కొత్త లెక్క ముట్టనివ్వకుండా, తప్పుల నోట్‌బుక్ ఒకసారి తిరగేయించి పదింటికల్లా పడుకోబెట్టండి.

పై అంతస్తు అబ్బాయికి అర్ధ సంవత్సర పరీక్షలో 80కి 61 వచ్చాయి. ఈసారి వాళ్లమ్మ పేపరుతో పాటు అతని తప్పుల నోట్‌బుక్ కూడా తెచ్చింది, అందులో పోయిన 19 మార్కులకూ కారణాలు అతని చేతిరాతలోనే ఉన్నాయి.