గిటార్ డిస్టార్షన్ పెడల్‌కి 4049 చిప్‌లో ఏ రకం కొనాలి?

పేరులో 'యూబీ' ఉన్నదే, అంటే సీడీ4049యూబీఈ కొనండి. అది అన్‌బఫర్డ్ రకం. అందులో ఒక్కో ఇన్వర్టర్‌కి, అంటే సిగ్నల్‌ని తలకిందులు చేసే చిన్న సర్క్యూట్‌కి, ఒకే దశ ఉంటుంది. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక రెసిస్టర్ కలిపితే చిన్న ఆంప్లిఫయర్‌లా పనిచేస్తుంది. సిగ్నల్ పెరిగేకొద్దీ తరంగం అంచులు మెత్తగా వంగుతాయి. పెడల్‌లో మనకు నచ్చే ఆ గరగర అక్కడిదే. బఫర్డ్ రకంలో ఒకదాని వెనక ఒకటి పలు దశలుంటాయి, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) మరీ ఎక్కువై కీచుమనే ప్రమాదం ఉంది.

ఉదాహరణకు, విశాఖలో షాపుకెళ్లి '4049' అని మాత్రమే అడిగితే ఏ రకమైనా చేతిలో పెట్టొచ్చు. డబ్బులిచ్చే ముందు చిప్ వీపు మీది అక్షరాలు లైటు కింద వంచి చదవండి.

అదీ ఇన్వర్టరే కదా అని 74హెచ్‌సీ04 అనే మరో చిప్ పెట్టేయడం చాలామంది చేసే పొరపాటు. దానికి 6 వోల్టులు దాటకూడదు. 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే చిప్ పోతుంది. పిన్నులూ వేరే: 4049లో ప్లస్ 1వ పిన్‌కి, గ్రౌండ్ 8వ పిన్‌కి.