1500 న్యూటన్ల యాక్చువేటర్ కూడా రోబో చెయ్యి లేపలేదు, ఎందుకు?

ప్రశ్న: సర్, మేం బీటెక్ మూడో ఏడాది మెకానికల్, రోబోకాన్‌ (కాలేజీ రోబోల పోటీ)కి రోబో కడుతున్నాం. చెయ్యి 60 సెం.మీ., దాని బరువు కేజీన్నర, చివర 2 కేజీల బాక్స్. 12 వోల్టుల లీనియర్ యాక్చువేటర్ (మోటర్ స్క్రూని తిప్పి రాడ్డుని ముందుకీ వెనక్కీ నడిపేది), 1500 న్యూటన్ల బలంతో తోసేది, 100 మి.మీ. స్ట్రోక్‌ది (రాడ్డు నడిచే దూరం) కొన్నాం. రాడ్డు చివరని కీలుకి 5 సెం.మీ. దూరంలో చేతికి పిన్నుతో తగిలించి, బాడీని ఫ్రేముకి యూ క్లాంపులతో గట్టిగా బిగించాం. చెయ్యి కిందున్నప్పుడు గుయ్‌మంటది గానీ లేవదు, ఫ్యూజు పోతంది. చేత్తో కాస్త సాయం పడితే లేస్తది. ఇప్పుడు రాడ్డు కూడా వంగినట్టుంది. ఇంకా పెద్దది కొనాలా? ఫొటో పంపుతున్నాం.
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: వద్దు తమ్ముడూ, డబ్బులు దాచుకోండి. ఫొటో మీద కోణమానిని పెట్టి చూశా, చెయ్యి కిందున్నప్పుడు రాడ్డుకీ చేతికీ మధ్య 8 డిగ్రీలే ఉంది, అంటే రాడ్డు దాదాపు చేతి వెంబడే తోస్తంది, పైకి కాదు. లెక్క చూడండి. బాక్స్, చెయ్యి కలిపి కీలు దగ్గర పడే టార్క్ (తిప్పే బలం) సుమారు 16 న్యూటన్ మీటర్లు. మీ 5 సెం.మీ.ని సైన్ 8తో గుణిస్తే అసలు పనికొచ్చే దూరం 7 మి.మీ. మాత్రమే, 16ని దాంతో భాగిస్తే దాదాపు 2300 న్యూటన్లు వస్తది. పాపం అది మాత్రం ఏం చేస్తది?

ఆ పిన్నుని 12 సెం.మీ.కి జరిపి, కింది పొజిషన్లో కోణం 45 డిగ్రీలు వచ్చేలా వెనక బ్రాకెట్ చోటు మార్చండి. అదే పనికి 200 న్యూటన్ల లోపే చాలు. కాకపోతే రాడ్డు ఎక్కువ దూరం నడవాలి, 60 డిగ్రీలు తిరగాలంటే 12 సెం.మీ. దాకా, కాబట్టి 150 మి.మీ. స్ట్రోక్ తీసుకోండి, 400-500 న్యూటన్ల రేటింగ్, సెకనుకి 30 మి.మీ. స్పీడుది దొరికితే నాలుగైదు సెకన్లలో లేస్తది. మీ 1500ది సెకనుకి 7 మి.మీ. లాంటి స్పీడుదైతే రెండు మూడు నిమిషాల ఆటలో అది లేచేసరికి అవతలి టీమ్ పాయింట్లు కొట్టేస్తది. టకీమని తొయ్యాల్సిన పనైతే అసలు స్క్రూ వద్దు, గాలి ఒత్తిడితో తోసే న్యూమాటిక్ సిలిండర్‌కి వెళ్లండి, రోబోకాన్‌లో 6 బార్ ఒత్తిడి దాకా గాలి వాడనిస్తారు.

ఇక రాడ్డు ఎందుకు వంగిందంటే ఆ క్లాంపుల వల్లే. చెయ్యి తిరిగేకొద్దీ పిన్ను వంపులో పోతది, బాడీ మాత్రం కదలనంటది, మధ్యలో నలిగేది రాడ్డే. యాక్చువేటర్ రెండు చివర్లా పిన్ను మీద తిరగాలి. నేను కూడా ఫైనలియర్లో ఇదే చేశా, అందులోనూ ఒకే పక్క ఎల్ బ్రాకెట్ పెట్టా, పోటీకి ముందు రోజు రాత్రి పిన్ను పక్కకి వాలిపోయింది. పిన్నుకి రెండు పక్కలా రేకు ఉండాలి. అల్యూమినియం ట్యూబుకి బోల్టు వేస్తే లోపల బుష్ పెట్టండి, లేదంటే బిగించగానే ట్యూబు నొక్కుకుపోద్ది. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి ఊడిపోనిది) వేసి, బిగించాక కూడా చేత్తో ఊపితే ఊగేంత వదులు ఉంచండి.

యాక్చువేటర్ లోపలి లిమిట్ స్విచ్‌లు (మోటర్‌ని ఆపేవి) స్ట్రోక్ చివర్లలోనే పని చేస్తాయి. ఈలోపే చెయ్యి ఫ్రేముకి తగిలితే మోటర్ ఆగిపోయి కరెంట్ లాగేస్తది, కాబట్టి చెయ్యి ఆగాల్సిన చోట బయట ఇంకో స్విచ్ పెట్టుకోండి. మోటర్‌కి కరెంట్ ఇచ్చే డ్రైవర్ బోర్డు ఎల్298 వాడుతుంటే తీసెయ్యండి, వోల్టేజీ తినేస్తది, బీటీఎస్7960 వెయ్యండి.

రంధ్రాలు వేసే ముందు అట్టముక్క మీద చెయ్యి, రాడ్డు అసలు సైజులో కత్తిరించి గుండుసూదులతో తిప్పి చూడండి, అరగంట పని. ఆ వంగిన రాడ్డుని మాత్రం సుత్తితో కొట్టి సరిచెయ్యకండి, లోపల నట్టు పట్టేస్తది.